తిరిగి వచ్చిన కాగితం: దూరవిద్యలో విద్యార్థి జవాబుదారీతనం, ఒక చరిత్ర

ఈ పుస్తకం మీ చేతికి వచ్చిన రోజునే దానితోపాటు అసైన్‌మెంటు ప్రశ్నల కాగితం కూడా వచ్చి ఉంటుంది. చాలామంది దాన్ని పుస్తకం మధ్యలో దాచి, గడువు తేదీ దగ్గరపడేదాకా మరిచిపోతారు. మీరూ అదే చేసి ఉంటే నొచ్చుకోకండి. ఈ పాఠం ఆ కాగితం గురించే. అది ఎక్కడ పుట్టింది, ఎవరి కోసం పుట్టింది, కంప్యూటర్ల కాలం వచ్చాక దాని స్థానంలోకి ఏవేవి వచ్చి కూర్చున్నాయి అనే విషయాలు తెలుసుకుందాం.

బడిలో హాజరు పట్టీ ఉంటుంది. పేరు పిలిస్తే పిల్లవాడు పలుకుతాడు. పలికినవాడు పాఠం విన్నాడో లేదో పట్టీకి తెలియదు, కానీ ఎదురుగా నిలబడిన మాస్టారికి ముఖం చూస్తే తెలుస్తుంది. దూరవిద్యలో ఆ ముఖం లేదు. కనిపించని విద్యార్థి నిజంగా చదువుతున్నాడని ఎవరికి, ఎలా తెలియాలి? ఇది ఇంటర్‌నెట్‌తో వచ్చిన ప్రశ్న అని అనుకుంటారు. కానీ దీని వయసు దాదాపు రెండు వందల ఏళ్లు.

టపా బండి మోసిన పాఠాలు

దూరవిద్య చరిత్ర రాసేవారు సాధారణంగా 1728 మార్చిలో బోస్టన్ గెజిట్ పత్రికలో వచ్చిన ఒక ప్రకటనతో మొదలుపెడతారు. కాలెబ్ ఫిలిప్స్ అనే షార్ట్‌హ్యాండ్ ఉపాధ్యాయుడు, పల్లెల్లో ఉండేవారు కూడా వారం వారం పాఠాలు తెప్పించుకొని బోస్టన్‌లో ఉన్నవారితో సమానంగా నేర్చుకోవచ్చని అందులో చెప్పుకొన్నాడు. నాకు మాత్రం దీన్ని దూరవిద్యకు మొదలు అనడం ఇష్టం ఉండదు. పాఠం పంపుతానన్నాడు సరే, నేర్చుకున్నవాడు రాసింది తిరిగి పంపమని ఆ ప్రకటనలో లేదు. పంపడం ఒక్కటే ఉంటే అది పుస్తకాల వ్యాపారానికి మరో రూపం.

అసలు మొదలు 1840లో ఉంది. ఆ ఏడాది జనవరి 10న బ్రిటన్‌లో ఒక పెన్నీకే దేశంలో ఎక్కడికైనా ఉత్తరం పంపే పద్ధతి అమలులోకి వచ్చింది. అంతకుముందు ఉత్తరం ఖరీదు దూరాన్ని బట్టి పెరిగేది, తరచూ అందుకున్నవాడే చెల్లించాల్సి వచ్చేది. ఈ మార్పును బాత్ నగరంలో ఉన్న ఐజాక్ పిట్‌మన్ వెంటనే పట్టుకున్నాడు. తన షార్ట్‌హ్యాండ్ నియమాలను చిన్న పట్టికగా అచ్చువేసి పంపాడు. అందుకున్నవారు బైబిలులోని కొంత భాగాన్ని షార్ట్‌హ్యాండులోకి మార్చి అతనికి తిరిగి టపాలో వేయాలి. అతను తప్పులు దిద్ది మళ్లీ పంపుతాడు. పని పెరిగిపోవడంతో 1843లో దిద్దడం కోసమే ఒక సొసైటీ ఏర్పడింది. దాని సభ్యులు ఈ పనిని ఉచితంగా చేశారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. దూరవిద్యను సాధ్యం చేసింది పాఠం పంపే ఖర్చు తగ్గడం కాదు, జవాబు తిరిగి వచ్చే ఖర్చు తగ్గడం. విద్యార్థి ఒక పెన్నీ పెట్టి తన తప్పులను పంపగలిగాడు, ఆ తప్పులు ఎర్రసిరాతో ఇంటికి తిరిగి వచ్చాయి.

ఇదే పద్ధతి సముద్రం అవతల మరింత మానవీయంగా పెరిగింది. 1873లో బోస్టన్‌లో అన్నా ఎలియట్ టిక్నర్ అనే ఆమె ఇంటిపట్టున ఉన్న స్త్రీల చదువు కోసం ఒక సంఘం పెట్టింది. ఇంటి దగ్గర చదువును ప్రోత్సహించే సంఘం అని దాని పేరుకు అర్థం. మొదటి ఏడాది చేరినవారు 45 మంది. ఆమె చనిపోయిన మరుసటి సంవత్సరం, 1897లో సంఘం మూతపడేనాటికి ఏడు వేలమందికి పైగా స్త్రీలు అందులో చదివారు. చరిత్ర, సాహిత్యం, కళలు, విజ్ఞానశాస్త్రం ఉండేవి. విజ్ఞానశాస్త్ర విభాగాన్ని ఎలెన్ స్వాలో రిచర్డ్స్ చూసేది. మసాచుసెట్స్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్‌లో పట్టా పుచ్చుకున్న మొదటి స్త్రీ ఆమె.

ఆ సంఘంలో తరగతి గది లేదు, పర్యవేక్షకుడు లేడు. విద్యార్థిని పుస్తకం చదివి, దాన్ని మూసిపెట్టి, జ్ఞాపకం ఉన్నంతమేరకు తన మాటల్లో రాసుకోవాలి. నెలకోసారి ఎంత చదివిందో ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరం ఒక నిర్దిష్టమైన మనిషికి వెళ్లేది. ప్రతి విద్యార్థినికీ ఒక ఉత్తరాల ఉపాధ్యాయిని ఉండేది. ఆమె జీతం తీసుకోకుండా చదివి, జవాబు రాసి, తర్వాత ఏం చదవాలో సూచించేది. కాపలా ఎవరూ కాయని ఈ ఏర్పాటులో విద్యార్థినిని కట్టిపడేసింది ఒక్కటే: నెల తిరిగేసరికి తన ఉత్తరం కోసం ఒకరు ఎదురుచూస్తారన్న సంగతి. పొయ్యి దగ్గర పని ముగించి రాత్రి దీపం దగ్గర కూర్చుని పుస్తకం మూసి రాసుకునే ఆ స్త్రీని తలచుకుంటే, డ్యూటీ దిగి వచ్చి ఈ పుస్తకం తెరిచే మీలో కొందరు నాకు కనిపిస్తారు.

పరీక్ష ఒక్కటే చాలునన్నవారు, ఫీజు ఒక్కటే చాలునన్నవారు

అదే శతాబ్దంలో దీనికి పూర్తిగా భిన్నమైన దారి ఒకటి తెరుచుకుంది. 1858లో లండన్ విశ్వవిద్యాలయం కొత్త చార్టరు ప్రకారం, వైద్యం మినహా మిగతా పరీక్షలకు కళాశాల హాజరు అవసరం లేదని ప్రకటించింది. ఎక్కడ చదివారు, ఎలా చదివారు అని అడగదు. పరీక్ష రోజున వచ్చి రాయాలి, అంతే. 1878లో స్త్రీలకూ డిగ్రీలు తెరిచింది. బారిస్టరు చదువుకు వెళ్లిన రోజుల్లో గాంధీజీ ఇదే విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్‌కు కూర్చొని, మొదటిసారి లాటిన్‌లో తప్పి, రెండోసారి గట్టెక్కారు.

1857లో పుట్టిన మద్రాసు, కలకత్తా, బొంబాయి విశ్వవిద్యాలయాలు లండన్ నమూనాలోవే. పరీక్షే విద్యకు కొలమానం అన్న భావన మనకు అక్కడినుంచి వచ్చింది. మన ఇళ్లలో పెద్దవాళ్లు అనే ‘ప్రైవేటుగా కట్టాడు’ అనే మాటలో ఆ చరిత్ర ఉంది. చదివాడు అని కాదు, పరీక్ష ఫీజు కట్టాడు అని. ఆ దారి గొప్ప మేలు చేసింది. ఉద్యోగం మానలేని గుమాస్తాలు, పల్లెటూరి టీచర్లు పట్టభద్రులయ్యారు. అయితే విద్యార్థి తప్పు చేస్తే ఆ సంగతి అతనికి ఏడాది చివర, ఒక అంకె రూపంలోనే తెలిసేది. ఎక్కడ తప్పాడో ఎవరూ చెప్పరు.

మూడో దారి వ్యాపారానిది. అమెరికాలో పెన్సిల్వేనియా బొగ్గుగనుల ప్రాంతమైన స్క్రాంటన్‌లో థామస్ ఫాస్టర్ అనే పత్రికా సంపాదకుడు 1891లో గని కార్మికులకు టపా పాఠాలు మొదలుపెట్టాడు. గనుల్లో ప్రమాదాలు ఎక్కువ కావడంతో మేస్త్రీలు, ఇన్‌స్పెక్టర్లు పరీక్ష పాసు కావాలని ఆ రాష్ట్రం చట్టం చేసింది. ఆ పరీక్షకు సిద్ధం చేయడం ఈ పాఠాల ఉద్దేశం. ఉద్దేశం మంచిదే, పాఠాలూ మంచివే. కొద్ది ఏళ్లలోనే లక్షలమంది చేరారు. అనుకరించే సంస్థలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఇంటింటికీ తిరిగి చేర్పించే సేల్స్‌మన్లు వచ్చారు. వారికి కమీషన్ చేరినందుకే తప్ప పూర్తి చేసినందుకు కాదు. 1926లో నాఫ్‌సింగర్ ఈ సంస్థలపై అధ్యయనం వెలువరించేనాటికి, కోర్సు పూర్తి చేసేవారు బహు కొద్దిమంది అన్నది దాచలేని సంగతి అయింది. మధ్యలో మానేసిన విద్యార్థి జవాబులు దిద్దనవసరం లేదు, కట్టిన ఫీజు తిరిగి ఇవ్వనవసరమూ లేదు. విద్యార్థి మానేస్తే సంస్థకు లాభం! ఈ లెక్కను గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ వస్తుంది.

రేడియోలో పేరు పిలుపు

పెద్దవాళ్ల సంగతి అలా ఉంచి చిన్నపిల్లల దూరవిద్యకు వద్దాం. ఆస్ట్రేలియా నడిబొడ్డున పశువుల క్షేత్రాల మధ్య వందల కిలోమీటర్ల దూరం ఉంటుంది. అక్కడి పిల్లలకు టపా పాఠాలు ముందునుంచే ఉన్నాయి. 1951 జూన్ 8న ఆలిస్ స్ప్రింగ్స్‌లో ‘స్కూల్ ఆఫ్ ది ఎయిర్’ మొదలైంది. విమాన వైద్య సేవ కోసం ఇళ్లలో పెట్టిన రెండువైపులా మాట్లాడే రేడియోలనే బడికి వాడుకున్నారు. టీచరు పేర్లు పిలిస్తే ఎడారి నలుమూలల నుంచీ పిల్లలు ఒక్కొక్కరుగా పలికేవారు. రాతపని మాత్రం టపాలోనే వెళ్లి దిద్దుబాటుతో తిరిగి వచ్చేది. ఇంట్లో తల్లో, పెట్టుకున్న పంతులమ్మో పక్కన కూర్చొని చేయించేది. మొత్తం ఏర్పాటుకు ఆమే ఇరుసు. ఆన్‌లైన్ బడుల గురించి మాట్లాడేటప్పుడు ఈ తల్లిని లెక్కలోకి తీసుకోనివారే ఎక్కువ.

మన దగ్గరికి ఎలా వచ్చింది

మన దేశంలో కరస్పాండెన్స్ కోర్సు 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో మొదలైంది. 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1977లో ఉస్మానియా ఆ దారి పట్టాయి. పాఠాలతోపాటు రెస్పాన్స్ షీట్లు వచ్చేవి. వాటిని నింపి పంపితే దిద్ది ఇవ్వాలి. అవి తప్పనిసరి కానిచోట ఎవరూ పంపలేదు, తప్పనిసరి అయినచోట దిద్దేవారు చాలలేదు. ఆ కాలంలో చదివినవారిని ఎవరినైనా అడిగి చూడండి, షీటు తిరిగి వచ్చినవారు చేయెత్తడం అరుదు.

ఈలోగా బ్రిటన్‌లో 1969లో చార్టరు పొందిన ఓపెన్ యూనివర్సిటీ 1971 జనవరిలో తొలి విద్యార్థులతో బోధన ఆరంభించింది. టీవీ పాఠాల వల్ల దానికి పేరు వచ్చింది. కానీ అక్కడి అసలు కీలకం ట్యూటరు దిద్దే అసైన్‌మెంటు. వాటి మార్కులు తుది ఫలితంలో కలుస్తాయి. మరొక ముఖ్యమైన సంగతి కూడా ఉంది. ట్యూటరు దిద్దిన కాగితాల్లో కొన్నింటిని తీసి ఇంకొకరు చూస్తారు. మార్కులు సరిగా వేశాడా అనే కాదు, విద్యార్థికి పనికివచ్చే మాట ఏమైనా రాశాడా అని చూస్తారు. అంటే విద్యార్థి ట్యూటరుకు జవాబుదారీ అయితే, ట్యూటరు విద్యార్థికి జవాబుదారీ. ఈ రెండో సగం మన దాకా వచ్చేసరికి సన్నబడింది.

1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇదే. తొలి ఉపకులపతి ఆచార్య జి. రామిరెడ్డి. 1991 నుంచి దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1985లో ఢిల్లీలో ఇగ్నో ఏర్పడినప్పుడు దానికీ ఆయనే తొలి ఉపకులపతి అయ్యారు. బడి మెట్లు ఎక్కనివారు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు, తెలుగులో పాఠ్యపుస్తకాలు, ఆకాశవాణి ప్రసంగాలు, సెలవు రోజుల్లో అధ్యయన కేంద్రాల్లో కౌన్సెలింగ్ తరగతులు... ఇవన్నీ మన కళ్లముందు జరిగిన చరిత్రే. ఇగ్నోలో చాలా కోర్సులకు మార్కుల్లో 30 శాతం అసైన్‌మెంట్లకు, 70 శాతం సంవత్సరాంత పరీక్షకు కేటాయించారు.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. నాకు ఇది గర్వంగా చెప్పుకొనే విషయం కాదు.

1990ల మొదట్లో ఒక జిల్లా కేంద్రంలో ఆదివారాలు కౌన్సెలింగ్ చేస్తూ అసైన్‌మెంట్లు దిద్దేవాణ్ని. ఒకసారి ఆధునిక చరిత్ర కట్ట వచ్చింది. 43 జవాబులు. నిజాం అలీఖాన్ సైన్య సహకార ఒడంబడిక మీద సంతకం చేసింది 1798లో. ఆ కట్టలో 31 మంది 1789 అని రాశారు. కేంద్రం ఎదురు జిరాక్స్ దుకాణంలో అమ్మే గైడులో అచ్చుతప్పు ఉంది, మరేం లేదు. మొదటి నాలుగైదు కాగితాల మీద ఎర్రగీత కొట్టాను. తర్వాత విసుగు వచ్చింది. కాపీ కొట్టినవాడికి దిద్దడం దేనికి అనుకొని, పేజీకో టిక్కు పెట్టి, పదికి ఆరు చొప్పున వేసుకుంటూ పోయాను. రాత్రి పదకొండు గంటలకు కట్ట పూర్తయింది.

తర్వాతి ఆదివారం తరగతి అయ్యాక ఒక అంగన్‌వాడీ టీచరు నా దగ్గరికి వచ్చింది. తన కాగితం చేతిలో ఉంది. ఆమె గైడు చూసి రాయలేదు, 1798 అనే రాసింది. జవాబు చివర ఒక ప్రశ్న కూడా రాసింది. 1800లో నిజాం బళ్లారి, అనంతపురం, కడప సీమలను కంపెనీకి ఇచ్చేశాడు కదా, ఆ ఏడు పంట మీద శిస్తు రైతు ఎవరికి కట్టాడు, ఇద్దరికీ కట్టాల్సి వచ్చిందా అని. ఆ ప్రశ్న కింద నా ఎర్రసిరా టిక్కు ఉంది.

“సార్, ఇది రైటు టిక్కే కదా. నేను అడిగింది రైటని పెట్టారా, చదవకుండా పెట్టారా?” అంది. వెటకారంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

“చదవలేదమ్మా” అన్నాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

“అయితే ఇప్పుడు చదవండి సార్” అని కాగితం ఇచ్చి వెళ్లింది.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. దత్తమండలాల గురించి అంతవరకు పదిసార్లు పాఠం చెప్పి ఉంటాను. ఒడంబడిక తేదీ తెలుసు, జిల్లాల పేర్లు తెలుసు. రైతు ఆ ఏడు ఎవరి ముందు నిలబడ్డాడో ఎప్పుడూ ఆలోచించలేదు. తర్వాత రెండు నెలలు థామస్ మన్రో కలెక్టరుగా ఉన్న 1800 నుంచి 1807 వరకు కాలం మీద దొరికిందల్లా చదివాను. ఒడంబడికతో పాలకుడు ఒక్క రోజులో మారాడు కానీ, పాళెగాళ్ల చేతుల్లోంచి వసూలు అధికారం నిజంగా మారడానికి ఏళ్లు పట్టింది. మూడు పేజీల ఉత్తరం రాసి ఆమె చిరునామాకు పోస్టు చేశాను. తర్వాతి కట్టల్లో ఆమె ప్రశ్నలు పెరిగాయి. నేను కూడా ప్రతి కాగితం చివరి పేజీ చూడటం నేర్చుకున్నాను.

31 మంది కాపీ కొట్టారు, నిజమే. వాళ్లను వెనకేసుకు రావడం లేదు. కానీ ఎవరూ చదవరని వాళ్లకు ముందే తెలుసు, అది తప్పని నేను రుజువు చేయలేదు.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి: పిట్‌మన్ సొసైటీ, టిక్నర్ సంఘం, లండన్ పరీక్ష, స్క్రాంటన్ వ్యాపారం. ఈ నాలుగింటిలో విద్యార్థి పనికి లెక్క ఎవరికి అప్పజెప్పాడు? మీ జవాబును ఐదారు వాక్యాల్లో రాసుకొని ముందుకు వెళ్లండి.

లాగిన్ నిమిషాల లెక్క

1990ల చివర అమెరికాలో పూర్తిగా ఇంటర్‌నెట్ మీద నడిచే బడులు వచ్చాయి. వీటిలో రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే మన విషయం స్పష్టమవుతుంది.

మొదటిది ఒహాయో రాష్ట్రంలో 2000లో మొదలైన ‘ఎలక్ట్రానిక్ క్లాస్‌రూమ్ ఆఫ్ టుమారో’. ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఆన్‌లైన్ బడి. ఎంతమంది పిల్లలుంటే అంత నిధి. ఒక దశలో పదిహేను వేలమంది పిల్లలతో దేశంలోని అతిపెద్ద ఆన్‌లైన్ బడుల్లో ఒకటైంది. ఏడాదికి 920 గంటల చదువు ‘అందుబాటులో ఉంచాం’ అని బడి ధ్రువీకరిస్తే, ఏళ్లపాటు అది చెల్లింది. 2015-16 విద్యా సంవత్సరానికి రాష్ట్ర విద్యాశాఖ మొదటిసారి గట్టిగా అడిగింది: పిల్లలు నిజంగా ఎంతసేపు చదివారు? లాగిన్ సమయాలు, కంప్యూటరు బయట చేసిన పనికి ఆధారాలు చూపమంది. బడి చెప్పిన పూర్తికాలపు విద్యార్థుల సంఖ్య సుమారు 15,300. ఆధారాలతో నిలిచింది సుమారు 6,300.

2017 జూన్‌లో రాష్ట్ర విద్యామండలి ఆ ఒక్క ఏడాదికే సుమారు 6 కోట్ల డాలర్లు తిరిగి కట్టాలని తీర్మానించింది. చట్టం చదువు అందించమంటుందే కానీ పిల్లలు పాల్గొన్నారని చూపమనదు అన్నది బడి వాదన. 2018 జనవరిలో, విద్యాసంవత్సరం మధ్యలో, బడి మూతపడింది. సుమారు 12,000 మంది పిల్లలు వేరే బడి వెతుక్కోవలసి వచ్చింది. ఆ ఆగస్టులో ఒహాయో సుప్రీంకోర్టు 4-2 మెజారిటీతో రాష్ట్రం వాదనే సరైనదంది.

ఇందులో రాష్ట్రం గెలిచింది, న్యాయమే. కానీ చరిత్ర విద్యార్థిగా మీరు ఇంకొక ప్రశ్న వేయాలి. పదిహేడేళ్లు ఆ పిల్లలు రాసిన పనిని ఎవరు చూశారన్నది ఎందుకు పెద్ద ప్రశ్న కాలేదు? బడి ‘ఇచ్చాం’ అంది, ప్రభుత్వం ‘ఎన్ని నిమిషాలు’ అంది. తెర ముందు కూర్చున్న నిమిషాలు చదువు కాదని పదో తరగతి పిల్లవాడికీ తెలుసు. స్క్రాంటన్ లెక్క మరో రూపంలో తిరిగి వచ్చింది: పేరు పట్టీలో ఉంటే చాలు, సొమ్ము వస్తుంది.

రెండోది ఫ్లోరిడా రాష్ట్రం నడిపే ఫ్లోరిడా వర్చువల్ స్కూల్, 1997లో మొదలైంది. ఇక్కడ నిధి ఇచ్చే పద్ధతి వేరు. విద్యార్థి కోర్సును విజయవంతంగా పూర్తి చేస్తేనే బడికి సొమ్ము వస్తుంది. టీచర్లు నెలనెలా విద్యార్థితో, తల్లిదండ్రులతో ఫోనులో మాట్లాడాలి. కోర్సు మధ్యలో కొన్నిచోట్ల ఫోను మీదే మౌఖిక పరీక్ష ఉంటుంది. నువ్వు రాసిన ఈ లెక్క ఎలా చేశావో చెప్పు అని టీచరు అడుగుతుంది. వేరేవాళ్లు చేసి ఇచ్చిన పని అక్కడ బయటపడుతుంది. అంతకంటే ముఖ్యంగా, పిల్లవాడికి ఎక్కడ అర్థం కాలేదో అక్కడ బయటపడుతుంది. ఈ పద్ధతిలోనూ చిక్కు లేకపోలేదు. పూర్తి చేస్తేనే డబ్బు అంటే, ఎలాగోలా పూర్తి చేయించాలనే ఒత్తిడి టీచరు మీద పడుతుంది. అయినా నెలకోసారి ఫోను అనే నియమంలో టిక్నర్ ఉత్తరం నాకు వినిపిస్తుంది.

కెమెరా కాపలా

2011లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యులు సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్‌తో కలిసి కృత్రిమ మేధ మీద ఉచిత ఆన్‌లైన్ కోర్సు పెడితే లక్షా అరవై వేలమంది చేరారు, ఇరవై వేలమందికి పైగా పూర్తి చేశారు. తర్వాత వచ్చిన ఇలాంటి కోర్సుల్లో పూర్తి చేసేవారు తరచూ పదిశాతం లోపే ఉంటూ వచ్చారు. మన ఐఐటీల ఎన్‌పీటెల్ కోర్సుల్లో 12 వారాలవాటికి వారం వారం అసైన్‌మెంట్లుంటాయి. వాటిలో మెరుగైన 8 తీసుకొని 25 శాతం మార్కులు, పరీక్ష కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75 శాతం. 2017 జులై 9న మొదలైన స్వయం కోర్సుల్లోనూ పర్యవేక్షణలో జరిగే పరీక్షదే ఎక్కువ బరువు. లండన్ నమూనా ఇంకా బతికే ఉంది.

2020లో కేంద్రాలు మూతపడ్డాక పరీక్ష ఇంటికే వచ్చింది, దానితోపాటు కెమెరా వచ్చింది. చూపు పక్కకు తిరిగితే అనుమానం, గదిలోకి చెల్లెలు వస్తే అనుమానం. ఒకే గదిలో నలుగురు ఉండే ఇంట్లో పరీక్ష ఎలా రాయాలో సాఫ్ట్‌వేర్ తయారుచేసినవారు ఆలోచించినట్టు లేదు. అదే ఒహాయోలో, క్లీవ్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయం పరీక్షకు ముందు విద్యార్థి పడకగదిని కెమెరాతో చూపించమనడం రాజ్యాంగ విరుద్ధమని 2022 ఆగస్టులో ఒక ఫెడరల్ న్యాయమూర్తి తీర్పు చెప్పారు. ఆ ఏడాది నవంబరులోనే చాట్‌జీపీటీ వచ్చింది. జిరాక్స్ దుకాణం ఇప్పుడు ప్రతి ఫోనులోనూ ఉంది, అందులో అచ్చుతప్పులు కూడా అంత తేలిగ్గా దొరకవు.

మన ఊళ్లలో ఆ రెండేళ్లు

2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో బడి పాఠాలు ప్రసారమయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి చానల్ ఆ పని చేసింది. పిల్లలకు వర్క్‌షీట్లు ఇచ్చారు. టీచర్లు వాట్సాప్‌లో ఫొటోలు తెప్పించుకొన్నారు, ఫోను లేని ఇళ్లకు నడిచి వెళ్లారు. మా బంధువుల అమ్మాయి ప్రభుత్వ బడిలో టీచరు. రాత్రి తొమ్మిదికి ఫోనులో నోటుపుస్తకం పేజీల ఫొటోలు పెద్దవి చేసుకొని, వేలితో గీతలు గీసి తిరిగి పంపడం నేను చూశాను. గీత పడి తిరిగి వెళ్లిన పిల్లవాడు మర్నాడు మళ్లీ పంపేవాడు. ‘చూశాను’ అన్నట్టు రెండు నీలిగీతలు మాత్రమే కనిపించిన పిల్లవాడు నాలుగో రోజుకు ఆగిపోయేవాడు. ఇదంతా ఆమె చెప్పిన మాట, నేను లెక్కపెట్టింది కాదు.

రెండేళ్లూ పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. 2021లో తెలంగాణలో అంతవరకు జరిగిన మొదటి నిర్మాణాత్మక మూల్యాంకనం మార్కులతోనే గ్రేడ్లు ఇచ్చారు. సుమారు 5 లక్షల 21 వేలమందిలో 2 లక్షల 10 వేలమందికి పైగా 10 జీపీఏ వచ్చింది. ఆ అంకెను చూసి నవ్వినవాళ్లున్నారు. నాకు నవ్వు రాలేదు. అవి 20 మార్కుల చిన్న పరీక్షలు, ఏడాది మధ్యలో పిల్లవాడికి దారి చూపడం కోసం పెట్టినవి. వాటికి తుది తీర్పు బరువు మోయమని చెప్పింది టీచర్లు కాదు. దారి చూపడానికి వేసిన మార్కు, తీర్పు చెప్పడానికి వేసిన మార్కు ఒకటి కావు. మీ అసైన్‌మెంటులోనూ ఈ రెండూ ఒకే కాగితం మీద కలిసి ఉన్నాయి. దూరవిద్యలో ఇప్పటికీ తెగని చిక్కు ఇదే.

ఈ భాగానికి అసైన్‌మెంటు

మీ ఇంట్లోగానీ, మీ వీధిలోగానీ 2020-21లో ఆన్‌లైన్ లేదా టీవీ పాఠాలు విన్న ఒక పిల్లవాడినో, అమ్మాయినో ఎంచుకోండి. వారు చేసిన పనిని ఎవరు చూశారు, చూసి తిరిగి ఏం చెప్పారు, పక్కన కూర్చుని చేయించిన పెద్దవారు ఎవరు అన్న విషయాలు అడిగి తెలుసుకోండి. వీలైతే అప్పటి టీచరునూ అడగండి. ఈ పాఠంలో మీరు చదివిన ఏదైనా ఒక సందర్భంతో పోల్చి, రెండు పేజీలకు మించకుండా రాయండి. పిల్లల పేర్లు రాయవద్దు. గైడులో ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

జవాబు చివర, మీ కౌన్సిలర్‌ను అడగదలచుకున్న ప్రశ్న ఒకటి రాయండి. కాగితం తిరిగి వచ్చాక ఆ ప్రశ్న కింద వట్టి టిక్కు మాత్రమే కనిపిస్తే, దాన్ని తీసుకొని వచ్చే ఆదివారం తరగతికి వెళ్లండి.